వెనకనుంచి వచ్చే మాట

మంచు మీద హాకీ ఆట జరుగుతుంటే జనం పక్ ఎటు పోతే అటు చూస్తారు. ఓరెస్ట్ దూబిక్ అటు చూడడు. ఆ నల్లటి రబ్బరు బిళ్ళ ఇంకా రాని చోట, వెనక్కి వెనక్కి జారుతున్న కుర్రాణ్ణి చూస్తాడు. ముప్పై శీతాకాలాలు అలాగే చూశాడు. గోలు పడిందన్న సంగతి చుట్టూ లేచే కేకల్ని బట్టి తెలుసుకునేవాడు.

అతని పగటి పని వేరు. మెల్‌ఫర్ట్ ఊళ్ళో కోత యంత్రాల దుకాణంలో విడిభాగాల బల్ల వెనక నిలబడేవాడు. రైతు విరిగిన ఇనుప ముక్క తెచ్చి బల్ల మీద పెడితే, అది ఏ యంత్రంలో ఏ మూలదో వెతికి ఇచ్చేవాడు. మంచు పడి పొలాలు మూతపడ్డాక రైతులు రారు. అప్పుడు ఒక పెద్ద క్లబ్బు తరఫున సస్కాచెవన్ రాష్ట్రమంతా తిరిగి కుర్రాళ్ళ ఆట చూసేవాడు. జూన్‌లో డ్రాఫ్ట్ ఉంటుంది. పెద్ద క్లబ్బులన్నీ ఒక హాల్లో చేరి, వంతులవారీగా ఒక్కో కుర్రాడి పేరు పిలిచి తమవాణ్ణి చేసుకుంటాయి. ఏ పేరు పిలవాలో, ఏది పిలవకూడదో చెప్పేవాళ్ళలో ఓరెస్ట్ ఒకడు. అందులోనూ డిఫెండర్లు అతని వంతు.

గోలు వేసేవాడి సంగతి ఎవరైనా చెప్తారు. గోలు పడకుండా కాచేవాణ్ణి తూచడం కష్టం. బాగా ఆడే డిఫెండర్ అసలు కనిపించడు. కనిపించాడంటే ఎక్కడో ఏదో చెడిందన్నమాట.

ఓరెస్ట్‌కు ఒక పరీక్ష ఉంది. అవతలి జట్టు పక్‌ను విసిరితే అది వచ్చి ఇవతలి మూలలో పడుతుంది. డిఫెండర్ దాని కోసం వెనక్కి పరుగెత్తాలి. ముఖం గోడకు, వీపు ఆటకు. వీపు వెనక ఎవడో ఒకడు గుద్దడానికి వస్తూనే ఉంటాడు. పక్ అందుకునే ముందు కుర్రాడు తల తిప్పి భుజం మీదుగా చూస్తాడా, లేదా? చూసినవాడికి ఎటు తప్పుకోవాలో తెలుస్తుంది. చూడనివాడు గోడకు అతుక్కుపోతాడు.

ఇది అతనికి నేర్పింది హెక్టర్ మక్రే అనే ముసలాయన. ఆయన కారులో పక్క సీట్లో కూర్చునే ఓరెస్ట్ ఈ పని నేర్చుకున్నాడు. "మెడ చూడరా," అనేవాడు హెక్టర్. "కాళ్ళు ఎవడైనా నేర్పుతాడు. మెడ ఎవడూ నేర్పలేడు." ఆయన పోయి చాలాకాలమైంది. ఆ ఋణం తీరేది కాదని ఓరెస్ట్‌కు తెలుసు. అందుకే ఆ మాటను అక్షరం మార్చకుండా పట్టుకున్నాడు.

అతని కోటు జేబులో ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజలుండేవి. ఆ దేశంలో రింక్‌కు, అంటే మంచు ఆటస్థలానికి, వచ్చినవాళ్ళందరి జేబుల్లోనూ ఉంటాయి. కాని ఓరెస్ట్ ఊరికే తినడు. తాను చూస్తున్న కుర్రాడు తల తిప్పి చూస్తేనే ఒక గింజ కొరుకుతాడు. ఆట అయ్యాక కాళ్ళ దగ్గర పొట్టు బాగా పడి ఉంటే, ఇంటికి ఫోను చేసి, "ఇవాళ కడుపు నిండింది," అనేవాడు. అతని భార్య లవర్న్‌కు ఆ మాటకు అర్థం తెలుసు.

ఓరెస్ట్‌లా కుర్రాళ్ళను చూసి ఎంచే స్కౌట్లు పైవరసలో కూర్చుంటారు. మూలగా, కప్పు కింద, మంచంతా అరచేతిలో గీతల్లా కనిపించేచోట. కింద అద్దాన్ని ఆనుకుని కూర్చునేది తల్లులు, తాతలు, పిల్లల బంధువులు. వాళ్ళతో ఆట జరిగేటప్పుడు మాట్లాడకూడదు. అది ఎక్కడా రాసిలేదు. అందరూ పాటిస్తారు. ఇంకొకటి కూడా ఉంది. వేర్వేరు క్లబ్బుల స్కౌట్లు ఒకే కారులో వెళ్తారు, ఒకే గిన్నెలో సూప్ తాగుతారు, ఒకడి కారు మంచులో దిగబడితే ఇంకొకడు తాడు కట్టి లాగుతాడు. కుర్రాడి గురించి మాత్రం ఒకడికొకడు నోరు విప్పరు.

సెయింట్ బోనిఫేస్ నుంచి వచ్చే మారిస్ గోతియేతో ఓరెస్ట్‌ది అలాంటి స్నేహం. మారిస్ ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళకూ ఓరెస్ట్ వెళ్ళాడు. మారిస్‌కు ఏ డిఫెండర్ నచ్చుతాడో మాత్రం అతనికి అప్పటికీ తెలీదు.

బర్చ్ ల్యాండింగ్ జట్టులో కెల్డన్ హాల్కెట్ అనే కుర్రాడుండేవాడు. క్రీ అనే ఆదివాసీ జాతివాడు, లా రొంజ్ ఊరికి ఇంకా ఉత్తరాన సరస్సు ఒడ్డున పుట్టినవాడు. మంచి ఒడ్డూ పొడుగూ. నాలుగంగల్లో రింక్ దాటేవాడు. వెనక్కి జారుతున్నా ముందుకు జారుతున్నట్టే ఉండేది. ఆ ఏడు దాటితే అతనికి డ్రాఫ్ట్ వయసు దాటిపోతుంది. ఇదివరకు రెండుసార్లు హాల్లో అతని పేరు ఎవరూ పిలవలేదు. ఇక పిలిస్తే ఈ జూన్‌లో పిలవాలి.

ఓరెస్ట్ అతన్ని నవంబరులో చూశాడు, డిసెంబరులో చూశాడు. చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. కెల్డన్ తల తిప్పడు. మూలకు పోతాడు, పక్ అందుకుంటాడు, వస్తాడు. అదృష్టవంతుడు, అనుకున్నాడు ఓరెస్ట్. ఈ స్థాయిలో అదృష్టం చెల్లుతుంది. పెద్దవాళ్ళతో ఆడితే మొదటి వారంలోనే గోడకు అతుక్కుపోతాడు.

క్లబ్బులో పెద్ద స్కౌట్ గ్రాంట్ ఓస్ట్‌బర్గ్, ఓరెస్ట్ కంటే చాలా చిన్నవాడు. జనవరిలో ఫోనులో అడిగాడు.

"హాల్కెట్ సంగతేంటి? పేరు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"తీసెయ్. వాడు చూడడు."

"అంత గట్టిగానా? పాపం, ఆఖరి ఏడు. ఇంకొక్కసారి చూసి చెప్పండి. మీరు తీసెయ్యమంటే తీసేస్తా."

సరేనన్నాడు ఓరెస్ట్. మనసులో మాత్రం ఆ పేరు అప్పుడే పోయింది.

జనవరి చివర్లో అతను ఇంటి ముందు మంచు మీద జారిపడ్డాడు. మోకాలి చిప్ప పక్కకు తిరిగింది. డాక్టరు కోసి, కుట్టి, మెట్లు ఎక్కొద్దన్నాడు. పాత రింకుల్లో పైవరసకు మెట్లు తప్ప దారి లేదు.

"ఈ ఏటికి మానెయ్," అంది లవర్న్.

"ఒక్క ఆట మిగిలింది. మాట ఇచ్చాను."

"అయితే నేను నడుపుతా. నువ్వు వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చో. దారి చెప్పావంటే మాత్రం దింపేస్తా."

దారంతా తెల్లగా ఉంది. అతను దారి చెప్పలేదు.

బర్చ్ ల్యాండింగ్ రింక్‌లో కింది వరసలో, గోలు పక్క మూలలో, రెండు అద్దాల మధ్య వేలుపట్టే సందు ఉన్నచోట లవర్న్ దిండు వేసింది. ఓరెస్ట్ టోపీ కిందికి లాక్కుని కూర్చున్నాడు. మంచు ఇప్పుడు అరచేతిలో గీతల్లా లేదు. అంతా కాళ్ళు, కర్రలు, అడ్డొచ్చే వీపులు. ఏమీ కనిపించడం లేదు. కళ్ళకు గంతలు కట్టి సంతలో వదిలినట్టుంది.

పక్కన గళ్ళ దుప్పటి కప్పుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. కెల్డన్ అమ్మమ్మ ఇసబెల్. కోకమ్ అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. ఆ రింక్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆమె కోకమే.

"పైనుంచి దిగొచ్చావే," అందామె. "అక్కడ చలి ఎక్కువైందా?"

"మోకాలు, కోకమ్."

"నాదీ పోయింది. అది పోయాకే నాకిక్కడ మంచి చోటు దొరికింది." అడక్కుండానే దుప్పటిలో సగం తెచ్చి అతని కాలి మీద వేసింది. "నిన్ను మూడేళ్ళుగా చూస్తున్నా నాయనా. పైన కూచుని గింజలు తింటావు. మావాడు ఆడేటప్పుడు మాత్రం తినవు. వాణ్ణి చూస్తే నీకు ఆకలి చచ్చిపోతుందా?"

ఓరెస్ట్ మంచు వైపే చూస్తూ ఉండిపోయాడు. మాట్లాడకూడదు. లవర్న్ నవ్వు ఆపుకోలేక కాఫీ సీసా మూత తిప్పుతూ కూర్చుంది.

ఆట మొదలైంది. పక్ వచ్చి వాళ్ళ ముందే మూలలో పడింది. కెల్డన్ దాని వెంట వచ్చాడు. తల తిప్పలేదు. అప్పుడు గోలు ముందునుంచి, దాన్ని కాచే గోలీ గొంతు వినిపించింది. గట్టిగా, సాగదీసి, పిల్లల్ని ఇంట్లోకి పిలిచినట్టు.

"పెయాహ్తిక్."

కెల్డన్ వేగం తగ్గింది. పక్‌ను కర్రతో మెల్లగా సర్దుకుని, ఎవరూ లేనట్టు తిరిగి వచ్చాడు. నిజంగానే ఎవరూ లేరు.

మళ్ళీ పక్ వచ్చింది. ఈసారి గొంతు పొట్టిగా, కర్రతో కొట్టినట్టు వచ్చింది. "కియిపా." కెల్డన్ పక్‌ను ముట్టీ ముట్టకుండానే పక్కవాడికి తోసి, తాను పక్కకు తప్పుకున్నాడు. వెనకనుంచి ఊపుగా వచ్చినవాడు ఉత్త గోడను గుద్దుకున్నాడు. ఓరెస్ట్ ముందు అద్దం ఊగింది.

అలా కొంతసేపు విన్నాడు. తర్వాత ముప్పై ఏళ్ళ కట్టుబాటు విడిచి తల పక్కకు తిప్పాడు.

"ఏమంటున్నాడు కోకమ్, ఆ గోలీ?"

"నెమ్మది, తొందరేం లేదు అంటాడు. లేకపోతే త్వరగా అంటాడు. అంతే, రెండు మాటలు. రైడర్ అని, మావాడికి పిన్ని కొడుకు. చిన్నప్పుడు సరస్సు మీద ఆడేటప్పుడూ ఇంతే. వాడు అరుస్తాడు, వీడు వింటాడు."

"అందుకేనా వెనక్కి చూడడు?"

"ఎందుకు చూడాలి? చెప్పేవాడున్నాడుగా. నువ్వు అన్నం తింటూ తింటూ, ఉప్పు వేశారా లేదా అని వంటింట్లోకి తొంగిచూస్తావా?"

"చూస్తాడు," అంది లవర్న్.

ముసలామె పగలబడి నవ్వింది. ఓరెస్ట్ నవ్వలేదు. పైవరస నుంచి అన్నీ కనిపిస్తాయి. ఏదీ వినిపించదు. ఇన్నేళ్ళూ కళ్ళు నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు అతనికి ఇంకో గొంతు గుర్తొచ్చింది. కుర్రతనంలో అతనూ డిఫెండరే. ఊరి జట్టులో అతన్ని గుడ్లగూబ అనేవాళ్ళు, వెనక కూడా కళ్ళున్నాయని. తల తిప్పిన మాట నిజమే. గోలీ లాయిడ్ పెన్నర్ అరిచాకే తిప్పేవాడు. ఆ గొంతు గాలిలా ఎప్పుడూ ఉండేది, అందుకే అది ఉందన్న సంగతే తెలీలేదు.

రెండో విరామంలో మారిస్ రెండు కాఫీలు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

"ఏరా, ముసలమ్మల్లో కలిసిపోయావు? స్వెట్టరు కూడా అల్లుతున్నావా?"

"నీకే అల్లుతున్నా. కూర్చో."

"నేను కూర్చోను బాబూ. ఇక్కడ కూర్చుంటే ఎవడైనా చూస్తే పెన్షన్ ఇచ్చి పంపేస్తారు." అంటూనే కూర్చున్నాడు. కోకమ్ అతని చేతిలో బానక్ రొట్టె ముక్క పెట్టింది. కాఫీలో ముంచుకుని తింటూ, ఆట మళ్ళీ మొదలయ్యాక కూడా కాసేపు అక్కడే ఉండిపోయాడు.

మర్నాడు ఓరెస్ట్ గ్రాంట్‌కు ఫోను చేశాడు.

"హాల్కెట్ పేరు తియ్యకు."

"తియ్యమన్నది మీరేగా?"

"నేనే."

"మరి ఏం మారింది?"

"నేను కూర్చున్న చోటు."

గ్రాంట్ అంతా విన్నాడు. చెడ్డవాడు కాడు, విని ఆలోచించే మనిషి. "అయితే చూపు గోలీదన్నమాట," అన్నాడు. "మన దగ్గరికి వస్తే ఆ గోలీ ఉండడుగా. అప్పుడు ఈ కుర్రాడి దగ్గర ఏం మిగుల్తుంది?"

"అదే నాకూ తెలీదు."

"తెలుసుకోండి. మార్చి ఆఖరుకు మన పేర్లు ఖాయం చేసేస్తాం. మీరు ఉంచమంటే ఉంచుతా. ఊహించి మాత్రం చెప్పకండి."

న్యాయమైన మాటే. ఓరెస్ట్ ఆలోచించాడు. కెల్డన్‌ను రైడర్ లేకుండా చూడాలి. రైడర్ లేని ఆట ఎక్కడ దొరుకుతుంది? రెండో గోలీ ఉంటాడు కాని, మంచి గోలీని కూర్చోబెట్టి రెండోవాణ్ణి ఎవడూ దింపడు. ఒకరికి దెబ్బ తగలాలని కోరుకోలేడు. ఊరుకున్నాడు.

మార్చిలో కోకమే ఫోను చేసింది. లవర్న్ ఆ రోజు నంబరు ఇచ్చి, ఆమెది తీసుకుని వచ్చిందట, రొట్టె ఎలా చెయ్యాలో అడగడానికి.

"రైడర్‌కు తొడ పట్టేసింది. రెండు వారాలు ఆడడు. ఆదివారం మధ్యాహ్నం ఆట ఉంది. నీకు చెప్పాలనిపించింది."

"ఎందుకు చెప్తున్నావు కోకమ్? వాడు లేకపోతే నీ మనవడి ఆట చెడొచ్చు. ఆ ఆటే నేను చూస్తే వాడికి నష్టం కదా."

"వాడు రేపు ఎక్కడికో పోతాడు," అందామె. "అక్కడ చెడితే నేను చూడలేను. ఇక్కడ చెడితే టీ పోసి ఇస్తాను. వచ్చి చూడు."

ఆదివారం మళ్ళీ లవర్న్ నడిపింది. మళ్ళీ అదే మూల, అదే సందు. గోలులో టోబీ ఫ్రీసెన్ అనే సన్నటి కుర్రాడు నిలబడ్డాడు. కపటం లేని ముఖం, భయం నిండిన కళ్ళు. ఆటకు ముందు అందరూ ఒకళ్ళనొకళ్ళు కేకలేసుకుంటుంటే అతను ఒక్కడే గోలు కమ్మీని తుడుస్తూ ఉన్నాడు.

మొదటి పక్ వచ్చి మూలలో పడింది. కెల్డన్ దాని వెంట వచ్చాడు. అలవాటు చొప్పున చెవి వెనక్కి పెట్టాడు. ఏమీ రాలేదు. వీపు మీద దెబ్బ పడింది. ముఖం అద్దానికి, సరిగ్గా ఓరెస్ట్ ముఖానికి ఎదురుగా వచ్చి తగిలింది. రెండోసారీ అంతే. మూడోసారి తల తిప్పి చూశాడు, ఆలస్యంగా చూశాడు, పక్ పోయింది. గోలు పడింది. కోకమ్ దుప్పటి గట్టిగా దగ్గరికి లాక్కుంది.

రైడర్ లేకపోతే ఈ కుర్రాడి దగ్గర ఏమీ మిగలదు, అనుకున్నాడు ఓరెస్ట్. ఇప్పుడు తెలిసిపోయింది. ఊహించనక్కర్లేదు. గ్రాంట్‌కు నిజం చెప్పొచ్చు.

ఈల మోగి ఆట ఆగింది. కెల్డన్ గోలు దగ్గరికి జారుకుంటూ వెళ్ళాడు. సందులోంచి మాటలు తేటగా వినిపించాయి.

"టోబీ, నాకు చెప్పు."

"ఏం చెప్పను?"

"వెనక ఎవడైనా వస్తున్నాడో లేదో. కేకెయ్."

"నాకు మీ భాష రాదుగా."

"ఇంగ్లీషులో కేకెయ్. మీ తాతయ్య జర్మన్‌లో కేకెయ్. నీ ఇష్టం."

టోబీ తల అడ్డంగా ఊపాడు. "తప్పు చెప్తానేమోనని."

"తప్పు చెప్తే దెబ్బ నాకు తగుల్తుంది. నీకేం పోయింది?"

టోబీ నవ్వబోయి మానేశాడు. మూడు పీరియడ్ల ఆటలో ఆ మొదటిదంతా అతని నోటినుంచి ఏమీ రాలేదు.

రెండో పీరియడ్‌లో జట్లు దిక్కులు మారతాయి. కెల్డన్ కాచే గోలు ఇప్పుడు రింక్ అవతలి చివర. ఓరెస్ట్ చేతికర్ర అందుకుని లేచాడు.

"ఎక్కడికి? డాక్టరు నడవొద్దన్నాడు," అంది లవర్న్.

"మెట్లు ఎక్కొద్దన్నాడు. నడవొద్దనలేదు."

ఆమె దిండు చంకలో పెట్టుకుని ముందు నడిచింది. "జరగండి, జరగండి, కుంటి మనిషి," అంటూ జనాన్ని తప్పించింది. అవతలి మూలలో, అలాంటి సందే ఉన్న చోటికి చేరేసరికి ఆట సగంలో ఉంది.

అప్పుడే పక్ వచ్చి మూలలో పడింది. కెల్డన్ దాని వెంట పరుగెత్తాడు. గోలు ముందునుంచి సన్నటి గొంతు, గింజంత మాట.

"ఎవరూ లేరు."

కెల్డన్ వేగం తగ్గించాడు. ఆ మాట నమ్మాడు. కాని ఒకడున్నాడు. టోబీకి కనిపించని వైపునుంచి వచ్చి కెల్డన్‌ను ఎత్తి గోడకు కొట్టాడు. రింకంతా ఉలిక్కిపడింది. కెల్డన్ మోకాళ్ళ మీద పడ్డాడు. పక్ గోలు మీదికి పోయింది. టోబీ ఎలాగో కాళ్ళు అడ్డం పెట్టి దాన్ని పట్టాడు. ఈల మోగింది.

టోబీ ముఖం పాలిపోయింది. ఇక జన్మలో నోరు విప్పడు, అనుకున్నాడు ఓరెస్ట్.

కెల్డన్ లేచాడు. పెదవి చిట్లి నెత్తురు వస్తోంది. నేరుగా గోలు దగ్గరికి వెళ్ళి, కర్రతో గోలీ కాళ్ళ మెత్తల మీద, శభాష్ అని భుజం తట్టినట్టు, మెల్లగా తట్టాడు.

"బాగుంది. ఇంకోటి చెప్పు."

"తప్పు చెప్పానుగా."

"చెప్పావుగా. అది చాలు. ఈసారి కొంచెం గట్టిగా."

ఓరెస్ట్ ఆ మాట విన్నాడు. ముప్పై ఏళ్ళలో ఎన్నో మెడలు చూశాడు, ఎన్నో కాళ్ళు చూశాడు. దెబ్బ తిని, ఆ దెబ్బ తినిపించినవాణ్ణి మెచ్చుకున్న కుర్రాణ్ణి చూడలేదు.

టోబీ మళ్ళీ చెప్పాడు. ఈసారి సరిగ్గా చెప్పాడు. కెల్డన్ మళ్ళీ తట్టాడు. ఒక్కోసారి తప్పు, ఎక్కువసార్లు ఒప్పు. కెల్డన్ ఊరికే చెవినే నమ్ముకోలేదు కూడా. టోబీకి కనిపించని వైపు తాను తల తిప్పి చూడడం మొదలుపెట్టాడు, కనిపించే వైపు అతనికే వదిలేశాడు. పని పంచుకున్నారు. మూడో పీరియడ్‌కు ఓరెస్ట్ పాత చోటుకు తిరిగి వచ్చేసరికి టోబీ ఫ్రీసెన్ గొంతు రింక్ కప్పుకు తగులుతోంది. మిగతా డిఫెండర్లకూ చెప్తున్నాడు. బెంచీ మీదున్న రైడర్ నోట్లో వేళ్ళు పెట్టుకుని ఈల వేశాడు.

ఆట ఓడిపోయారు. కోకమ్ టీ పోసింది, ఓరెస్ట్‌కు కూడా.

ఇంటికి చేరాక అతను మొదట గ్రాంట్‌కు చెయ్యలేదు. వెతికి వెతికి లాయిడ్ పెన్నర్ నంబరు సంపాదించాడు. లాయిడ్ రాస్తర్న్‌లో తేనెటీగలు పెంచుకుంటున్నాడు.

"లాయిడ్, నేను ఓరెస్ట్‌ని. నీకో మాట చెప్దామని."

"చెప్పు."

"నువ్వు వెనకనుంచి అరిచేవాడివిగా. దానికి థాంక్స్."

"ఓరెస్ట్," అన్నాడు లాయిడ్ మెల్లగా, "డాక్టరు ఎంత టైమ్ ఇచ్చాడు?"

"నాకేం రోగం లేదురా."

"మరి నలభై ఏళ్ళ తర్వాత థాంక్స్ ఏంటి? భయపెట్టి చంపావు. అయినా నేను అరిచింది నీ కోసం కాదు. నువ్వు గోడకు అతుక్కుపోతే నా మీదికి ముగ్గురొచ్చేవాళ్ళు." గొంతు తగ్గించి, "రోజూ వినేవాడివి. అది తెలుసు నాకు," అన్నాడు. తర్వాత తేనె సంగతులు చెప్పాడు.

క్లబ్బు సమావేశంలో ఓరెస్ట్ ఎక్కువ మాట్లాడలేదు. తప్పు కబురు సంగతి చెప్పాడు. చిట్లిన పెదవి సంగతి, కర్రతో తట్టిన సంగతి చెప్పాడు. లెక్కలు చూసే అమ్మాయి మేవ్ తన తెర మీద ఏదో వెతికి తలెత్తింది.

"నాకు ఇది చాలారోజులుగా అర్థం కాలేదు. ఇతని పక్కన ఎవరిని ఆడించినా వాళ్ళ ఆట బాగుపడుతుంది. ఇతను ఇంకో జతగాడితో ఆడినా అంతే. ఎందుకో లెక్కల్లో కనిపించదు. పొరపాటేమో అనుకుని పక్కన పెట్టాను. థాంక్స్ ఓరెస్ట్."

"నేనూ పక్కన పెట్టినవాణ్ణే అమ్మా," అన్నాడతను.

గ్రాంట్ కెల్డన్ పేరును ఆరో చుట్టులో పిలవడానికి ఖాయం చేశాడు.

జూన్‌లో హాలు. బల్లలు, జెండాలు, కెమెరాలు. ఆరో చుట్టు నడుస్తోంది. తమ పిలుపుకు ఇంకా మూడు క్లబ్బులు ముందున్నాయి. వాటిలో ఒకటి మారిస్‌ది. వాళ్ళ మనిషి మైకు అందుకున్నాడు. బర్చ్ ల్యాండింగ్ నుంచి, డిఫెండర్, కెల్డన్ హాల్కెట్.

గ్రాంట్ మెల్లగా కలం మూత పెట్టాడు. బల్ల చుట్టూ ఎవరూ ఓరెస్ట్ ముఖం చూడలేదు. అతను వచ్చే శరత్తులో ఆ కుర్రాణ్ణి తమ చొక్కాలో చూస్తానని ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. పోతే పోనీ, అనుకున్నాడు. పేరు పిలిచారు. ఎవరైతేనేం, పిలిచారు. సరస్సు ఒడ్డున ఈపాటికి ఒక ఇంట్లో ఒకళ్ళ మాట ఒకళ్ళకు వినిపించకుండా ఉండి ఉంటుంది.

సాయంత్రం హాలు ఖాళీ అవుతుంటే మారిస్ వచ్చి అతని పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"కోపమా?"

"అసూయ. కోపం కాదు."

"నేను కాఫీ ఇవ్వడానికే దిగానురా. ఒట్టు. వినపడింది. వినపడ్డాక ఏం చెయ్యను, చెవులు కోసుకోనా?"

"మంచిపని చేశావు."

"రైడర్ లేని ఆట మేం చూడలేదు," అన్నాడు మారిస్, నేల వైపు చూస్తూ. "మావాళ్ళు భయపడుతున్నారు. ఆ గోలీ లేకపోతే వీడు చెడిపోతాడేమోనని. శిక్షణ శిబిరంలో మా పెద్ద గోలీతో ఆడించాలనుకుంటున్నారు, బాగా అరిచేవాడు."

కుర్రాడు ఇప్పుడు ఇంకో క్లబ్బువాడు. ఒక స్కౌట్ ఇంకో స్కౌట్‌కు కుర్రాడి గురించి చెప్పడు. ఓరెస్ట్ ముప్పై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అతనికి చెప్పలేదు. చేతికర్రను కుర్చీకి ఆనించి మారిస్ వైపు తిరిగాడు.

"వద్దు. అరిచేవాణ్ణి ఇవ్వకండి. మీ దగ్గర అందరికంటే నోరు లేని గోలీ ఎవడో చూసి, వాడి ముందు ఆడించండి. మొదటిరోజు ఇద్దరూ చెడతారు. తొందరపడి ఇంటికి పంపకండి. రెండోరోజు మీరు కింద కూర్చుని వినండి."

మారిస్ తలెత్తాడు. "ఇది నాకెందుకు చెప్తున్నావురా?"

"నీకు కాదు," అన్నాడు ఓరెస్ట్. "వాడికి."